కణం అన్న మాట దగ్గర కాలు జారింది

భీమవరం,
ఆదివారం మధ్యాహ్నం.

నన్ను చంకనెత్తుకుని పెంచిన మా అక్కకు నీ తమ్ముడు దావీదు రెండు చేతులూ జోడించి చేస్తున్న వందనాలు.

దేవుని దయవల్ల ఇక్కడ నేను, సుజాత, చిన్ని ముగ్గురం బాగున్నాం. నువ్వు, బావ ఎలా ఉన్నారు? నీ మోకాలి నొప్పి తగ్గిందా? ముసురు రోజుల్లో మగ్గం గుంటలో చెమ్మ ఊరుతుంది, కాళ్ళ కింద గోనెసంచి పరుచుకోమని చెప్పాను, పరుచుకుంటున్నావా? బావ దగ్గు మందు మధ్యలో ఆపేయలేదు కదా? సముద్రం మళ్ళీ రోడ్డు కోసేసిందని ఇక్కడ విన్నాను. మీరు మారిన కాలనీ దాకా రాదని తెలుసు, అయినా మనసు ఊరుకోదు. మా గురించి మాత్రం దిగులు పెట్టుకోకు. మేము బాగున్నాం.

ఫోను చెయ్యడం లేదని అనుకోకు. నీకు వినపడదు. బావ ఎత్తితే "ఆఁ బాగున్నాం, ఉంటాం" అని పెట్టేస్తాడు. ఉత్తరమైతే నువ్వు మగ్గం ఆపి, కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదువుతావు. ఈసారి ఉత్తరం పెద్దది. రెండుసార్లూ ఓపిగ్గా చదువు.

నీ ఉత్తరం పోయిన నెల అందింది. అందులో నువ్వు రాసిన మాటలు నాకు కంఠతా వచ్చేశాయి. పక్కింటి రత్నం ఫోనులోకి నా ప్రసంగం వచ్చిందనీ, నీకు వినపడదు కనుక ఒక్కో మాటా నీ చెవిలో అరిచి చెప్పిందనీ రాశావు. వెలుగుకి ప్రాణముందని శాస్త్రమే ఒప్పుకుందట కదా అన్నావు. స్త్రీల కూటంలో నువ్వు లేచి నిలబడి, ఆ మాట చెప్పింది మా తమ్ముడే అని సాక్ష్యం చెప్పావట.

అక్కా, తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. ఆ ప్రసంగం తప్పు. వెలుగుకి ప్రాణం లేదు. శాస్త్రం అలా ఎప్పుడూ అనలేదు. అన్నది నేను. ఎలా అన్నానో, తర్వాత ఏమైందో మొదటినుంచి చెబుతాను. చదివాక నువ్వు చెయ్యవలసిన పని ఒకటుంది, అది చివర్లో రాస్తాను.

ఈ ఊరు వచ్చి ఎనిమిది నెలలైంది కదా. మొదట్లో నాకు సముద్రం చప్పుడు లేక చెవులు ఖాళీ అయిపోయినట్టు ఉండేది. ఇక్కడ చప్పుడంతా రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్లది. గాలి మళ్ళితే మేత వాసన వస్తుంది. చేప కావలసినంత దొరుకుతుంది కానీ చెరువు చేప, నోట్లో పెట్టుకుంటే మట్టి వాసన. సుజాత చింతపండు రెండింతలు వేసి ఆ వాసన చంపుతుంది. మన ఎండు నెత్తళ్ళు ఎవరైనా ఇటు వస్తుంటే కాసిని పంపించు. ఇక్కడివాళ్ళు మంచివాళ్ళు. మేము అద్దెకున్న వాటాకి ఎదురింటి వాళ్ళు, మేము వచ్చిన రోజు మంచినీళ్ళ టిన్ను తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళారు. పేరు కూడా అడగలేదు. ఆ టిన్ను గుర్తొచ్చినప్పుడల్లా దేవునికి కృతజ్ఞత చెబుతాను.

బడిలో నన్ను పెట్టుకున్నది సోషల్ చెప్పడానికి. దసరా సెలవులయ్యాక సైన్సు మాస్టారు హైదరాబాదులో పెద్ద కాలేజీకి వెళ్ళిపోయారు. హెడ్మిస్ట్రెస్ గారు నన్ను పిలిచారు.

"మాస్టారూ, పదో తరగతి ఫిజిక్సు మీరే చెప్పాలండి."

"అమ్మా, నేను బి.ఎ. అండి. అదీ దూరవిద్య."

"ఆదివారం గంటన్నరసేపు గుక్క తిప్పుకోకుండా మాట్లాడతారట కదా. నలభై ఐదు నిమిషాలు మాట్లాడలేరా?"

"మాట్లాడగలను. కానీ ఏం మాట్లాడాలో తెలియాలి కదండీ."

"చదువుకోండి. పుస్తకమంటే భయపడే మనిషి కాదు మీరు."

ఆ చివరి మాటకి లొంగిపోయాను. పుస్తకమంటే భయం పోగొట్టింది నువ్వే కదా. నువ్వు మగ్గం మీద పేక కొడుతూ, నీ పక్కన గ్రంథం తెరిచిపెట్టి, ఒక్కో అక్షరం మీద నా వేలు పెట్టించి చదివించావు. అలా చదువుకున్నవాడికి ఏ పుస్తకమైనా ఒకటే అనుకున్నాను. నా పతనం అక్కడే మొదలైంది. ఏ పుస్తకమైనా ఒకటి కాదు.

పిల్లల పుస్తకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు, అర్థం మాత్రం నత్తనడక. బస్టాండు దగ్గర పాత పుస్తకాల కొట్లో తెలుగు మీడియం భౌతికశాస్త్రం పుస్తకాలు రెండు దొరికాయి. అట్టలు లేవు, లోపల ఎవరో పెన్నుతో మీసాలు గీశారు. తెల్లవారుజామున ప్రార్థన అయ్యాక, సుజాత టీ పెట్టేలోగా, రోజుకి నాలుగు పేజీల చొప్పున చదవడం మొదలుపెట్టాను.

అక్కా, నలభై ఒక్క ఏళ్ళు బతికాను, నా చుట్టూ ఉన్న లోకం ఇలాంటిదని నాకెవరూ చెప్పలేదు! మనం కూర్చున్న బల్ల, నీ మగ్గం పలకలు, గట్టిగా కనపడేవన్నీ పరమాణువులట. ఆ పరమాణువు బరువంతా నడిమధ్య ఉన్న చిటికెడులో చిటికెడు చోట ఉంటుందట, మిగతాదంతా దాదాపు ఖాళీయేనట. శక్తి కాలవలో నీళ్ళలా ధారగా రాదట, ముద్దలు ముద్దలుగా వస్తుందట. మన ఐసు ఫ్యాక్టరీలో దిమ్మ అమ్ముతారు చూడు, కొంటే దిమ్మ కొనాలి, సగం దిమ్మ ఇవ్వరు, అలాగన్నమాట. ఆ పేజీ చదివి పుస్తకం మూసి ప్రభువా అని తల పట్టుకున్నాను. సుజాత వంటింట్లోంచి "ఏంటండీ, తలనొప్పా?" అంది. "కాదు, ఆనందం" అన్నాను. "అయితే టీ తాగండి" అంది.

ఆ వారంలోనే ఆ వాక్యం వచ్చింది. కాంతి కణాల రూపంలో ప్రయాణిస్తుంది అని ఉంది.

కణం! నేను పదో తరగతిలో కంఠస్థం చేసిన జీవశాస్త్రం పాఠం నీకు గుర్తుందా? నువ్వే అప్పజెప్పించుకునేదానివి. జీవులన్నీ కణాలతో నిర్మితమై ఉంటాయి, కణమే జీవానికి పునాది అని. ఆ పాఠంలోని కణం, ఈ పుస్తకంలోని కణం నా బుర్రలో ఢీకొన్నాయి. వెలుగుకి కణాలున్నాయి. కణమున్నచోట జీవముంది. కాబట్టి వెలుగుకి జీవముంది! మన గ్రంథంలో జీవాన్నీ వెలుగునీ ఒకేచోట కలిపి చెప్పిన మాట నాకు నోటికి వచ్చు. ఇక నన్ను ఆపగలవాడెవడు? ఇంకో పేజీ తిప్పి ఉంటే ఆపేది. తిప్పలేదు.

ఆ ఆదివారం మందిరంలో వాక్యం చెప్పే వంతు నాది. నీకు తెలుసు, నేను మొదలుపెడితే ఎలా ఉంటుందో. గర్జించాను. "శాస్త్రజ్ఞులారా, ఇన్నాళ్ళూ మీరు నవ్వారు! ఈరోజు మీ పుస్తకమే ఒప్పుకుంది! వెలుగుకి కణాలున్నాయని మీ పుస్తకమే రాసింది! కణమున్నదానికి ప్రాణముంటుందని మీ పుస్తకమే చెప్పింది!" అని బల్ల గుద్దాను. మందిరం అంతా స్తోత్రాలతో దద్దరిల్లింది. ఎవరో ఫోనులో తీశారు. సాయంత్రానికి నరసాపురం వెళ్ళింది, ఏలూరు వెళ్ళింది, చివరికి ఉప్పాడలో రత్నం చేతికొచ్చింది.

మర్నాడు కాదు, ఆ మర్నాడు పదో తరగతి గదిలో అదే పాఠం. నిండా ధైర్యంతో బోర్డు మీద రాశాను, లైట్ ఈజ్ మేడ్ ఆఫ్ సెల్స్ అని.

వెనక బెంచీలోంచి ఒకడు, "సార్, ఏ సెల్లు సార్? పెన్సిల్ సెల్లా, టార్చి సెల్లా?"

ఇంకొకడు, "కాదురా, సెల్‌ఫోను. అందుకే దాంట్లో లైటు వస్తది."

గది అంతా నవ్వు. నేను డస్టరు బల్లకేసి కొట్టాను. అప్పుడు ముందు బెంచీలో కూర్చునే హర్షిత, మెత్తగా మాట్లాడే పిల్ల, పుస్తకం చూపిస్తూ లేచింది.

"సార్, ఇందులో పార్టికల్స్ అని ఉందండి. సెల్స్ అని లేదండి."

"రెండూ ఒకటే. తెలుగులో కణం అంటారు. కూర్చో."

"సార్, బయాలజీలో సెల్ వేరు కదండీ..."

"పెద్దవాళ్ళు చెబుతుంటే ఎదురు మాట్లాడటమేనా మీకు నేర్పింది? నిలబడు!"

గంట కొట్టేదాకా ఆ పిల్లని నిలబెట్టాను. అక్కా, ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ పిల్ల ఏడవలేదు. పుస్తకం మూసి, ఆ పేజీలో వేలు ఉంచుకుని నిలబడింది. ఆ వేలు నాకు రోజంతా కళ్ళ ముందు కదిలింది.

మా బడిలో బయాలజీ చెప్పేది కామేశ్వరి మేడమ్ గారు. కోనసీమ నుంచి వచ్చిన పురోహితుల కుటుంబం, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతారు. మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఆవిడ పెరుగన్నం, మాగాయ డబ్బా తెరుస్తుంటే వెళ్ళి, "మేడమ్ గారూ, కణాన్ని ఇంగ్లీషులో ఏమంటారండి?" అని అడిగాను.

"ఎవరి కణం?"

"ఎవరి కణం ఏంటండీ, కణమే."

ఆవిడ ముద్ద కలపడం ఆపారు. "నా కణమైతే సెల్లు. మీ కణమైతే పార్టికల్. మీ కణం వేరు, నా కణం వేరు మాస్టారూ. తెలుగులో రెండింటికీ ఒకటే మాట పెట్టారు, అంతే."

"అంటే కాంతి కణానికి ప్రాణం..."

"దుమ్ము కణం అంటాం. దుమ్ముకి ప్రాణముందా?"

నేను ఊరుకోవచ్చు కదా, లేదు. "మరి దేవుడు మనిషిని ఆ మట్టితోనే కదండీ చేసింది" అన్నాను.

"మాస్టారూ, ఇది స్టాఫ్ రూము. ప్రార్థన కూటం కాదు. కూర్చోండి, కాస్త పెరుగన్నం తినండి, మొహం పాలిపోయింది" అన్నారు.

పూర్వం ఒక ప్రవక్త దారి తప్పితే దేవుడు గాడిద నోరు తెరిపించి బుద్ధి చెప్పించాడు. నా మీద ఎక్కువ కనికరం చూపి కామేశ్వరి మేడమ్ గారి నోరు తెరిపించాడు, అన్నం కూడా పెట్టించాడు. నా ప్రసంగం ఆవిడ ఫోనుకీ వచ్చిందట. ముందే విన్నారట. "మరి నాకు ఎందుకు చెప్పలేదండీ?" అంటే, "మీరు అడగలేదు కదా. అడగనివాడికి చెబితే దెబ్బలాట, అడిగినవాడికి చెబితే పాఠం" అన్నారు. నలుగురిలో నవ్వి ఉంటే నేను ఏమైపోయేవాణ్ణి! ఆవిడ మేలు నేను మరిచిపోలేను.

మర్నాడు తరగతిలో అడుగు పెట్టగానే బోర్డు మీద ఏమీ రాయకుండా చెప్పాను. "హర్షితా, నిన్న నువ్వు చెప్పిందే రైటు. నేను చెప్పింది తప్పు. నిన్ను నిలబెట్టడం ఇంకా పెద్ద తప్పు. క్షమించమ్మా."

ఆ పెన్సిల్ సెల్లు అన్నవాడే, "సార్, మా నాన్న ఎప్పుడూ ఇలా ఒప్పుకోడు సార్" అన్నాడు. హర్షిత "పర్లేదండి" అని, "సార్, మరి వేవ్ కూడా అని ఉందండి తర్వాత పేజీలో. రెండూ ఎలాగండి?" అంది. నాకు తెలియదు. "రేపు కనుక్కుని చెబుతాను" అన్నాను.

ఆనాటి నుంచి మధ్యాహ్నాలు నేను మేడమ్ గారి శిష్యుణ్ణి. ఆవిడ డిగ్రీలో ఫిజిక్సు చదివారు. ఎర్ర వెలుగు ఎంత గుమ్మరించినా కొన్ని లోహాల్లోంచి ఒక్క ఎలక్ట్రాను కూడా ఊడిరాదట. ఊదా వెలుగు కాస్త పడితే చాలు, ఊడి వచ్చేస్తుందట. "బస్తాడు గులకరాళ్ళు విసిరినా మామిడికాయ రాలదు. సరైన రాయి ఒక్కటి చాలు. వెలుగు గింజలు గింజలుగా వస్తుందనడానికి ఇదో రుజువు" అన్నారు. వెంటనే నా మొహంలోకి చూసి, "రాయి తగిలి కాయ రాలింది కనక రాయికి ప్రాణముందని మాత్రం అనకండి బాబూ" అన్నారు. అదే వెలుగు రెండు సన్నని చీలికల్లోంచి వెళ్ళి గోడ మీద పడితే అలల్లాగా చారలు కడుతుందట. అలా ఎందుకంటే, మేడమ్ గారు కూడా "అది చూసి పెద్ద పెద్దవాళ్ళే తలలు గోక్కున్నారు, మనమెంత" అన్నారు.

ఒకరోజు మాటల్లో, సూర్యుడు పుట్టకముందే విశ్వమంతా వెలుగుండేదని శాస్త్రజ్ఞులు చెబుతారు అన్నారు. అక్కా, నేను కుర్చీలోంచి లేచిపోయాను! మన గ్రంథంలో సృష్టి జరిగిన మొదటి రోజున వెలుగు, నాలుగో రోజున సూర్యుడు! మేడమ్ గారు అరచెయ్యి చూపించి, "కూర్చోండి. ఆదివారం ఇంకా నాలుగు రోజులుంది. ముందు పూర్తిగా చదవండి" అన్నారు. కూర్చున్నాను. కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఆ రోజు నా రోగమేంటో అర్థమైంది. దేవుని మాటకి పదో తరగతి పుస్తకం చేత సాక్ష్యం చెప్పించాలని తాపత్రయపడ్డాను. ఆయన నన్ను సాక్షిని తెమ్మని అడిగాడా? అడగలేదు.

తరగతిలో దిద్దుకోవడం తేలికే అయింది. మందిరంలో దిద్దుకోవడమే కష్టమైంది.

మా సంఘ పెద్ద ప్రకాశరావు గారు. ఐసు ఫ్యాక్టరీ ఆయనదే. మేము ఊరికి కొత్తగా వచ్చినప్పుడు మాకు ఈ వాటా ఇప్పించిందీ ఆయనే, చిన్నికి జ్వరమొస్తే తన బండి పంపిందీ ఆయనే. ఆయన మేలు కూడా మరిచిపోయేది కాదు. ఒక సాయంత్రం ఫ్యాక్టరీకి రమ్మని కబురు పెట్టారు.

"మాస్టారూ, వచ్చే నెల మూడు రోజుల సభలు. రెండో రోజు సాయంత్రం మీకే ఇస్తున్నాం. ఆ వెలుగు ప్రసంగమే చెప్పాలి. దాని కోసమే బస్సులు కట్టుకుని వస్తామంటున్నారు."

"అందులో తప్పుందండి" అని మొత్తం చెప్పాను. ఆయన పకపకా నవ్వారు.

"ఓస్, ఇంతేనా! ఎవరికి తెలుస్తుందండీ? జనం విశ్వాసంలో బలపడ్డారా లేదా, అది చూడండి."

"తెలియక చెబితే పొరపాటండి. తెలిశాక చెబితే?"

ఆయన నవ్వు ఆపారు. "సరే. మళ్ళీ చెప్పొద్దు, దిద్దనూ వద్దు. సభల్లో ఇంకేదైనా మాట్లాడండి. ఆ వీడియో నాలుగు రోజులకి అదే పాతబడిపోద్ది. మీరు లేచి తప్పు అన్నారనుకోండి, రేపు మీరు నిజం చెప్పినా ఎవరూ నమ్మరు. ఆలోచించుకోండి."

ఆ మాట నా లోపల దిగబడిపోయింది. నిజమే కదా. బోధించేవాడికి ఉన్నదల్లా జనం నమ్మకం. అది పోతే నేను భీమవరంలో ఎవర్ని? అబద్ధం చెప్పడం లేదు, ఊరికే ఊరుకుంటున్నాను, అని నాకు నేను చెప్పుకున్నాను. పది రోజులు అలా ఊరుకున్నాను. ఆ పది రోజులూ బడిలో హర్షిత ప్రశ్నలకి తలెత్తుకుని జవాబు చెప్పాను, మందిరంలో తల దించుకుని పాటలు పాడాను. ఒకే మనిషికి రెండు తలలు.

పదకొండో రోజు నీ ఉత్తరం వచ్చింది. నువ్వు సాక్ష్యం చెప్పావని చదివాను. పదిమందిలో నిలబడి మాట్లాడటం నీకెంత కష్టమో నాకు తెలుసు. నీ గొంతు నీకే వినపడదు. అయినా నా మాట నిజమని నమ్మి నిలబడ్డావు. అంటే నేను నోరు మూసుకు కూర్చున్న ఆ పది రోజుల్లో, నా అబద్ధం మా అక్క నోట పలికింది! జరీ బుటా ఒక్క పోగు తప్పు పడితే, చీర మడతలో ఎవరికీ కనపడదని బావ ఎంత చెప్పినా, నువ్వు విప్పి మళ్ళీ నేస్తావు. బోధకులకి తీర్పు మిగతావాళ్ళకంటే కఠినంగా ఉంటుందని గ్రంథంలో నా వేలు పెట్టించి చదివించింది కూడా నువ్వే. నీ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని సుజాతతో చెప్పాను. ఆమె, "ఇన్ని రోజులు ఎందుకు ఆగారా అని చూస్తున్నాను" అంది.

కిందటి ఆదివారం వాక్యం చెప్పే వంతు నాకు వచ్చింది. లేచాను. ప్రకాశరావు గారు ముందు వరసలో ఉన్నారు. నేను మొట్టమొదటిసారి బల్ల గుద్దకుండా మాట్లాడాను.

"వెలుగుకి ప్రాణముందని శాస్త్రం ఒప్పుకుందని మీకు చెప్పాను. అది తప్పు. శాస్త్రం అలా చెప్పలేదు. కణం అనే మాటకి రెండు అర్థాలుంటే, నాకు నచ్చిన అర్థం తీసుకుని మీ ముందు గర్జించాను. ఇరవై రోజులుగా తెలిసి కూడా ఊరుకున్నాను. దేవుణ్ణీ, మిమ్మల్నీ క్షమాపణ అడుగుతున్నాను."

చేపల లారీలు నడిపే ఒకాయన, "అయ్యో మాస్టారూ, నేను పదిహేడు గ్రూపుల్లో పెట్టేశానండీ!" అన్నాడు. కొందరు నవ్వారు. నవ్వు ఆగాక, రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేసే దీనమ్మ గారు, డెబ్బై దాటిన మనిషి, చాప మీదే కూర్చుని గట్టిగా అడిగింది.

"ఒరే నాయనా, మరి నువ్వు ఇన్నాళ్ళూ చెప్పినవాటిలో ఇంకెన్ని తప్పులున్నాయో?"

ప్రకాశరావు గారు చెప్పిందే అయింది. నా దగ్గర వంద వాక్యాలు సిద్ధంగా ఉండేవి ఎప్పుడూ, ఏ ప్రశ్నకైనా. ఆ రోజు ఒక్కటీ రాలేదు. "నాకు తెలియదమ్మా" అన్నాను. ఆ మాట నేను వేదిక మీదనుంచి అనడం అదే మొదటిసారి. ప్రార్థన చేసి కూర్చున్నాను.

బయటికి వచ్చాక ప్రకాశరావు గారు కోపంగా లేరు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "కొన్నాళ్ళు వేదిక ఎక్కకండి మాస్టారూ. సభలకి రాజమండ్రి నుంచి ఇంకొకరిని పిలుస్తాం" అన్నారు. సరేనండి అన్నాను. ఆయనా ఏం చేస్తారు! వచ్చినవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి కదా. ఆయన మీద నాకు ఏ కష్టమూ లేదు, నువ్వూ పెట్టుకోకు.

ఈరోజు పొద్దున్న మొదటిసారి వినేవాళ్ళలో, చాప మీద కూర్చున్నాను. ఆరాధన అయిపోయి చెప్పులు వెతుక్కుంటుంటే దీనమ్మ గారు చెయ్యి పట్టుకుని లాగింది. సంచీలోంచి ఒక నోటు పుస్తకం తీసింది. నేను ఈ ఊరొచ్చిన దగ్గరనుంచి ప్రతి ఆదివారం నేను చెప్పినవన్నీ ఆవిడ మనవరాలు అందులో రాసిపెట్టిందట.

"ఇదిగో. నాకు చదువు రాదు. నువ్వు చెప్పావని నేను పది మందికి చెప్పుకున్నాను. ఇప్పుడు కూర్చుని చదువు. ఏది నిజంగా నీకు తెలుసో, ఏది ఊపులో అన్నావో చెప్పు. తప్పైతే కొట్టెయ్యి."

"దీనమ్మ గారూ, వందల మాటలున్నాయండి ఇందులో."

"ఉండనీ. నాకేం తొందర? రేపు షెడ్డు సెలవు."

మందిరం మెట్ల మీద కూర్చున్నాం. పెన్ను సుజాత ఇచ్చింది. మొదటి పేజీలో పదకొండు మాటలున్నాయి. గ్రంథంలో ఉన్నవి ఉన్నట్టుగా చెప్పినవి ఐదు, వాటికి టిక్కు పెట్టాను. మూడు కొట్టేశాను. ఒకటి, నక్షత్రాలన్నీ మనకి ఒకే దూరంలో ఉన్నాయన్నానట, ఎక్కడినుంచి తెచ్చానో దేవునికే తెలియాలి. మిగతా మూడింటి దగ్గర ఆగిపోయాను. ఏమీ పెట్టకుండా వదిలేయబోతే దీనమ్మ గారు వేలు పెట్టి చూపించింది, "వీటికేంటి?"

"తెలియదమ్మా. కనుక్కోవాలి."

"అయితే అదే రాయి" అంది.

రాశాను. తెలియదు, తెలియదు, తెలియదు అని మూడుచోట్ల. ఆవిడ ఆ పేజీ వైపు తృప్తిగా చూసి, పుస్తకం సంచీలో పెట్టుకుని, "నీ మాట ఇప్పుడు నమ్ముతాను. వచ్చే ఆదివారం రెండో పేజీ" అని వెళ్ళిపోయింది. అక్కా, నా మాటకి ఇన్నేళ్ళలో వచ్చిన స్తోత్రాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దుఃఖంతో కాదు, నువ్వు భయపడకు.

ఇక నీకు చెబుతానన్న పని. స్త్రీల కూటంలో నువ్వే లేచి, మా తమ్ముడు చెప్పింది తప్పని వాడే రాశాడు అని చెప్పు. నీకు కష్టమని తెలుసు. రత్నం చేత చెప్పించకు, నువ్వే చెప్పు, సాక్ష్యం నీదే కదా. ఇంకొకటి. ఉప్పాడలో నేను పదిహేనేళ్ళు వాక్యం చెప్పాను. అందులో నీకు గుర్తున్నవన్నీ, అనుమానం వచ్చినవి మరీ ముఖ్యంగా, కాగితం మీద రాసి పంపు. నొచ్చుకుంటానని దాచకు. తెలిసినవాటికి టిక్కు పెడతాను, తప్పైనవి కొట్టేస్తాను, తెలియనివాటి పక్కన తెలియదని నా చేత్తో రాసి సంతకం పెట్టి పంపుతాను.

బావకి నా వందనాలు. కాలనీలో పెద్దలందరికీ, రత్నానికీ పేరుపేరునా అడిగానని చెప్పు. చిన్ని నీకు ముద్దులు పంపుతోంది. సుజాత నీ మోకాలికి ఆముదం కాచి రాసుకోమంటోంది. నీ ప్రార్థనలో నన్ను మరవకు, ముఖ్యంగా నా నోటి కోసం ప్రార్థించు. నీ చేతి దీవెన ఎప్పుడూ నా నెత్తి మీద ఉండాలి.

నీ చేతుల్లో అక్షరాలు దిద్దిన తమ్ముడు,
దావీదు